నాన్న పెంచిన గొడుగును ఎలా పంచుకోవాలి?

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దన్నారు. వయసు 31, మాదాపూర్‌లో ఉద్యోగం, అమ్మతో కలిసి ఉంటారు. వాళ్ల నాన్నగారు 2014లో హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టారు. దాదాపు 250 లీటర్ల ట్యాంకు. చేపలు నాలుగైదే, మిగతాదంతా మెత్తని పగడాలు, అంటే సాఫ్ట్ కోరల్స్. అన్నిటికంటే పెద్దది టోడ్‌స్టూల్ లెదర్ కోరల్. తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండేదట, ఇప్పుడు అన్నం పళ్లెమంత విప్పుకుంటుంది. ఇంట్లో అందరూ దాన్ని 'గొడుగు' అంటారు. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది.

తమ్ముడు మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నాడు. శ్రావణంలో గృహప్రవేశం. ఆ రోజుకు కొత్త ఇంట్లో ట్యాంకు ఉండాలి, అందులో నాన్న గొడుగులోంచి ఒక ముక్క ఉండాలి అని అతని కోరిక. మార్చిలో ఒక ఆదివారం వచ్చి అరచేయంత ముక్క కోసి, దాన్ని మూడు చేశాడు. మొదటిదాన్ని టిష్యూతో తుడిచి సూపర్ గ్లూతో రాయికి అంటించాడు. రెండు గంటల్లో ఊడి, ట్యాంకులో నీళ్లను కదిలించే చిన్న మోటారు, అంటే పవర్‌హెడ్ జాలీకి అతుక్కుపోయింది. రెండోదానికి గ్లూ ఎక్కువ పెట్టాడు. మూడో రోజు పొద్దున చూస్తే అదీ కింద పడి ఉంది, అడుగున తెల్లటి గ్లూ బిళ్లతో సహా. మూడోదాన్ని కుట్టుదారంతో గట్టిగా కట్టారు. నాలుగు రోజులకు దారం లోపలికి కోసుకుపోయి ముక్క నల్లబడింది, కుళ్లింది, నీళ్లు మసకేశాయి. ఏప్రిల్‌లో రొయ్యలు రెండూ చచ్చిపోయాయి. ఇప్పుడు మే చివర్లో తల్లి గొడుగు కూడా ఆరు రోజులుగా ముడుచుకుని, మైనం పూసినట్టు మెరుస్తోంది. అమ్మ ఏడ్చి "ఇంక దాని మీద ఎవరూ చెయ్యి వేయొద్దు" అన్నారు. తమ్ముడేమో "నీకే ఉంచుకోవాలని ఉంటే చెప్పక్కా" అనేసి వెళ్లాడు. రెండు వారాలుగా ఇంటికి రావడం లేదు.

ఆమె అడిగినవి మూడు. ఏ గ్లూ వాడితే నిలుస్తుంది? గొడుగు చచ్చిపోతోందా? తమ్ముడికి ఇవ్వలేనని చెప్పేయడమే మంచిదా?

ముందు గొడుగు సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు ఉత్తరం రాసిన రోజు నుంచి సరిగా నిద్రపోయి ఉండరు.

మీరు రాసిన లక్షణాలను బట్టి అది పొర విడుస్తున్నట్టుంది. లెదర్ కోరల్ తన ఒంటి మీద పేరుకున్న నాచును, మురికిని వదిలించుకోవడానికి అప్పుడప్పుడు ఇలా చేస్తుంది. పైనున్న పాలిప్స్‌ను, అంటే చిన్న పువ్వుల్లా విప్పుకునే నోళ్లను, అన్నిటినీ లోపలికి లాక్కుంటుంది. చల్లారిన పాల మీద మీగడ కట్టినట్టు ఒక పొర ఏర్పడుతుంది. కొన్నాళ్లకు అంచుల దగ్గర లేచి, నీటి వాలుకు కొట్టుకుపోతుంది. వారం పట్టవచ్చు, రెండు వారాలు కూడా పట్టవచ్చు. పవర్‌హెడ్‌ను కొంచెం దానివైపు తిప్పండి, పొర త్వరగా వదులుతుంది. చేత్తో మాత్రం ఒలవకండి.

రోజూ పొద్దున ఒకసారి టార్చి వేసి కాండం చూడండి. నిటారుగా, గట్టిగా నిలబడి ఉంటే భయం లేదు. కాండం పక్కకు వాలిపోతున్నా, ఎక్కడైనా నల్లటి మచ్చ మొదలై రోజురోజుకీ పెరుగుతున్నా, దగ్గరి నీళ్లు గ్లాసులో తీసి చూస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా అది వేరే కథ. అప్పుడు మచ్చ ఉన్న భాగాన్ని, చుట్టూ అంగుళం మేర మంచి భాగంతో కలిపి వెంటనే కోసి తీసేయాలి. మీరు రాసినదాంట్లో అలాంటి సూచన ఒక్కటీ లేదు.

కానీ గొడుగు ఇంత తరచుగా ఎందుకు ముడుచుకుంటోంది? మార్చి నుంచి ఇది మూడోసారి అన్నారు. ఒంటికి ఏదో పడనప్పుడు లెదర్ కోరల్ మామూలు కంటే ఎక్కువసార్లు పొర విడుస్తుంది. మీ ఉత్తరం నాలుగో పేజీలో, మీకే పెద్ద విషయంగా అనిపించని ఒక మాట ఉంది. సింకు కింద ఉన్న నాన్నగారి ఆర్ఓ యూనిట్ సంక్రాంతి తర్వాత కారడం మొదలైందనీ, అప్పటి నుంచి ట్యాంకులో ఇంకిన నీటికి బదులు అమ్మ రోజూ స్నానం చేసి, తులసికోటకు పోసి, అదే రాగి బిందెలోంచి ట్యాంకులో కూడా మూడు నాలుగు లీటర్లు పోస్తున్నారనీ రాశారు.

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

రాత్రంతా రాగి బిందెలో నిలవున్న నీళ్లలోకి రాగి కొద్దికొద్దిగా దిగుతుంది. అందుకే కదా పెద్దవాళ్లు ఆ నీళ్లు తాగమనేది. మనిషి ఒంటికి ఆ కాస్త రాగి లెక్కలోది కాదు. రొయ్యకు, నత్తకు, కోరల్‌కు అది విషం. ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే రాగి మందు వేస్తారు, లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మోతాదులో. ఆ మోతాదును చేప తట్టుకుంటుంది. కానీ రొయ్యలు, కోరల్స్ ఉన్న ట్యాంకులో ఆ మందు వేయకూడదని అనుభవం ఉన్నవాళ్లందరికీ తెలుసు. ట్యాంకులో నీళ్లు ఆవిరైపోతాయి, రాగి పోదు. ఉప్పులాగే లోపలే ఉండిపోతుంది. సంక్రాంతి నుంచి నాలుగు నెలల్లో అమ్మగారు పోసింది నాలుగు వందల లీటర్ల పైమాటే. ప్రతి చెంబులో ఉన్నది చిటికెడులో చిటికెడే అయినా, బయటికి పోయే దారి లేదు.

మీరు రాసిన వరుస కూడా దీనికి సరిపోతోంది. రాగి ఎక్కువైతే ముందు పోయేవి రొయ్యలే. తర్వాత నత్తలు పట్టు తప్పి గాజు మీంచి జారుతాయి. మీ నత్తలు జారి పడుతున్నాయని మీరే రాశారు. చేపలు మాత్రం హాయిగా తిరుగుతుంటాయి, దాంతో నీళ్లు బాగానే ఉన్నాయనుకుంటాం. మార్చిలో కుళ్లిన ముక్క కూడా నీళ్లను పాడుచేసి ఉంటుంది, కాదనను. లెదర్ కోరల్‌ను కోస్తే అది పక్కవాటికి పడని రసాయనాలు వదులుతుంది. అయితే మూడు ముక్కలు మూడు రకాలుగా పోయి, ఆ తర్వాత నెలకు రొయ్యలు చచ్చి, ఇంకో నెలకు తల్లి గొడుగు ముడుచుకుందంటే, నేనైతే ముందు రాగినే పరీక్షిస్తాను.

అక్వేరియం దుకాణాల్లో రాగి టెస్ట్ కిట్ దొరుకుతుంది. ఉప్పునీటికి పనికొచ్చేదేనా అని అడిగి తీసుకోండి. ఫలితం ఏదైనా బిందె నీళ్లు ఈ రోజే ఆపేయండి. రాగి కనిపిస్తే నాలుగు రోజులకోసారి 15 నుంచి 20 శాతం నీళ్లు మార్చండి, అలా మూడు వారాలు. ఒకేసారి సగం మార్చేస్తే ఆ కుదుపుకే కోరల్స్ ఇంకా ముడుచుకుంటాయి. కొత్త యాక్టివేటెడ్ కార్బన్, అంటే నీళ్లలోని మలినాలను పట్టే బొగ్గు వేయండి. రాగిని పట్టే ఫిల్టర్ ప్యాడ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ఒక రకం రాగి పట్టినకొద్దీ నీలంగా మారుతుంది, అది పెడితే మీ కళ్లకే తెలిసిపోతుంది. ఇంకిన నీటికి బదులు పోసేది ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ కార్ట్రిడ్జ్ దాటిన నీరే అయి ఉండాలి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ మీద సున్నా చూపాలి. వంటింటి ఆర్ఓ సరిపోదు. తాగడానికి రుచిగా ఉండాలని అందులో లవణాలు మళ్లీ కలుస్తాయి. కొన్నిటిలో రాగి కార్ట్రిడ్జ్ కూడా పెడుతున్నారు, అది బిందెతో సమానం. ఇక బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు మన ఊళ్లో ఎంత గట్టిగా ఉంటాయో మీ గీజరుకు పట్టిన తెల్లటి పెచ్చు చూస్తే తెలుస్తుంది.

ఈ మాట అమ్మగారికి ఎలా చెప్పాలన్నది మీకు నీళ్లు మార్చడం కంటే కష్టం. ఆవిడ పోసింది పూజ చేసిన చేత్తో, నాన్నగారి ట్యాంకు ఎండిపోకూడదని. "నీ వల్లే రొయ్యలు పోయాయి" అన్న అర్థం వచ్చే వాక్యం ఏ రూపంలోనూ మీ నోట రాకూడదు. నాన్నగారి నోటుపుస్తకం ఉందన్నారు కదా, మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో 'డీఐ నీళ్లు మాత్రమే' అని ఉందనీ రాశారు. ఆ పేజీ చూపించి, "నాన్న రాసినట్టే చేద్దామమ్మా" అనండి. పొద్దున నీళ్లు పోసే పని ఆవిడ చేతిలోంచి తీసుకోకండి. డీఐ నీళ్లు ప్లాస్టిక్ క్యానులో పట్టి, ఒక ప్లాస్టిక్ మగ్గు దాని పక్కనే పెట్టండి. పోసే చెయ్యి ఆవిడదే, నీళ్లే మారతాయి.

ఇప్పుడు గ్లూ.

మీరు ఏ కంపెనీ గ్లూ అని అడిగారు. ఏ కంపెనీదైనా లెదర్ కోరల్‌కు నేరుగా నిలవదు. గట్టి కోరల్‌కు రాయిలాంటి అస్థిపంజరం ఉంటుంది, గ్లూ దానికి పడుతుంది. మీ గొడుగు లోపల ఉన్నది నీళ్లతో బిగిసిన మెత్తని ఒళ్లు, అందులో అక్కడక్కడ కంటికి కనపడనంత సున్నపు ముళ్లు. కోయగానే అది జిగురు వదులుతుంది. టిష్యూతో ఎంత తుడిచినా నిమిషంలో మళ్లీ ఊరుతుంది. సూపర్ గ్లూ తడి తగలగానే గట్టిపడే రకం కాబట్టి, ఆ జిగురు పొర మీదే గట్టిపడుతుంది. కోరల్ తన జిగురును వదిలించుకున్నప్పుడు గ్లూ బిళ్ల కూడా దానితోపాటు ఊడి వస్తుంది. మీరు చూసిన తెల్లటి బిళ్ల అదే.

గ్లూ పనిచేసేది రాయికీ రాయికీ మధ్య. అందుకే పని రెండు దశల్లో జరగాలి. ముందు కోరల్ ముక్క తనంతట తాను ఒక చిన్న రాతిముక్కను పట్టుకోవాలి. అది పట్టుకున్నాక, ఆ చిన్న రాయిని గ్లూ జెల్‌తో పెద్ద రాయికి అంటించుకోవచ్చు. మొదటి దశలో మీరు చేయవలసిందల్లా ముక్కను కదలకుండా, నొక్కకుండా పది పదిహేను రోజులు ఆపి ఉంచడం. కదిలితే పట్టదు, బిగిస్తే తెగుతుంది. మీ మొదటి ముక్క కదిలి పోయింది, మూడోది బిగుసుకుని పోయింది.

దీనికి నేను నమ్మే పద్ధతులు రెండు. కాండం ఉన్న ముక్కకు టూత్‌పిక్ పద్ధతి. ముక్క అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన టూత్‌పిక్‌ను అడ్డంగా గుచ్చి, రెండు కొనలూ బయటికి వచ్చేలా వదలండి. రాతిముక్క మీద నిలబెట్టి, రబ్బరు బ్యాండును రాయి కిందుగా తిప్పి పుల్ల రెండు కొనలకు తగిలించండి. లాగేది పుల్లను, ఒంటిని కాదు. దారం చేసిన గాయం ఇక్కడ జరగదు. బ్యాండు మరీ కొత్తది, బిర్రుగా ఉన్నది వద్దు. అగరుబత్తి పుల్లలు అసలే వద్దు, వాటికి సెంటు పట్టి ఉంటుంది.

కాండం లేని ముక్కలకు, అంటే గొడుగు అంచు నుంచి కోసిన వాటికి, నెట్ పద్ధతి మంచిది. జనరల్ బజార్‌లో చిన్నపిల్లల ఫ్రాకులకు వాడే తెల్ల నెట్ బట్ట అరమీటరు తెచ్చుకోండి. రంగు నెట్ అయితే రంగు దిగుతుంది. సబ్బు పెట్టకుండా వేడినీళ్లలో జాడించండి. లోతు తక్కువున్న ప్లాస్టిక్ డబ్బాలో గరుకుగా, రంధ్రాలున్న రాతిముక్కలు పరిచి, వాటి మీద కోరల్ ముక్కలను కోసిన వైపు కిందికి ఉండేలా పెట్టి, పైన నెట్ కప్పి రబ్బరు బ్యాండు వేయండి. డబ్బాను ట్యాంకులో నీళ్లు నెమ్మదిగా కదిలే చోట, లైటు మరీ నేరుగా పడని చోట ఉంచండి. నీళ్లు అసలు కదలని మూల అయితే జిగురు పేరుకుని కుళ్లు మొదలవుతుంది. దానికి తిండి పెట్టక్కర్లేదు. దాని ఒంట్లో ఉండే నాచు వెలుతురుతో తయారుచేసే ఆహారమే ముక్కకు చాలు.

మొదటి మూడు నాలుగు రోజులు అది చూడ్డానికి ఎండు పుట్టగొడుగులా ఉంటుంది. ముదురు గోధుమరంగులో కుదించుకుపోయి, అంచులు లోపలికి ముడుచుకుని, మీద తెల్లటి జిగురుతో. చాలామంది ఆ దశలోనే చచ్చిపోయిందనుకుని తీసి పారేస్తారు. మీరు వాసన చూడండి, వాసన లేకపోతే వదిలేయండి. అయిదో రోజుకు కోసిన అంచు గుండ్రబడుతుంది. వారం దాటాక నువ్వుగింజంత పాలిప్స్ ఒకటి రెండు బయటికి వచ్చి, ఎనిమిది చిన్న చేతులు విప్పుతాయి. ఆ తర్వాత అడుగున చూడండి, పెనం మీద దోసె పిండి పాకినట్టు పల్చటి చర్మం రాతి మీదికి పాకుతూ కనిపిస్తుంది. నేను ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ పల్చటి అంచు కనపడిన ప్రతిసారీ ఇంట్లో వాళ్లను పిలిచి చూపిస్తాను.

కోసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. గొడుగు పూర్తిగా విప్పుకుని, కనీసం రెండు వారాలు ఆరోగ్యంగా ఉన్నాకే కోయాలి. రోహిణి కార్తెలో వద్దు. నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, గాయం కుళ్లడం త్వరగా మొదలవుతుంది. మృగశిర దాటి, ట్యాంకు 26 డిగ్రీల దగ్గర నిలబడ్డాక మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున అయితే రోజంతా కనిపెట్టి ఉండొచ్చు. రెండు బకెట్లలో ట్యాంకు నీళ్లు తీసుకోండి. కోరల్‌ను రాయితో సహా మొదటి బకెట్లోకి దించి, కొత్త బ్లేడుతో ఒక్క గీతలో కోయండి, రంపంలా ఆడించవద్దు. ముక్కలు మూడు నాలుగు సెంటీమీటర్ల కంటే చిన్నవి కాకూడదు. రెండో బకెట్లో ఒకసారి జాడించి ట్యాంకులోకి మార్చండి. ఆ రెండు బకెట్ల నీళ్లూ డ్రైనేజీలోకే, ట్యాంకులోకి తిరిగి పోయకండి. ఆ రోజే కొత్త కార్బన్ వేసి, నీళ్లలోని మురికిని నురగతో బయటికి తీసే స్కిమ్మర్ నడిపి, మర్నాడు 15 శాతం నీళ్లు మార్చండి.

ఇంకొకటి. గొడుగు ఉన్న రాతి మీద గోధుమరంగు బటన్ పాలిప్స్, అంటే బొత్తాల్లా గుంపుగా పెరిగే చిన్న జీవులు పాకాయనీ, ఆ రాయిని బయటికి తీసి వేడినీళ్లు పోసి వాటిని చంపేద్దామని తమ్ముడు అన్నాడనీ రాశారు. దయచేసి ఆ పని ఎప్పటికీ చేయకండి. ఆ జాతిలో కొన్నిటి ఒంట్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి పరిశోధకులు మొదట వేరుచేసింది ఇలాంటి ఒక జీవి నుంచే. వేడినీళ్లు పోసినా, ఆ రాయిని ఉడకబెట్టినా, ఎండబెట్టి బ్రష్‌తో గీకినా విషం ఆవిరితో, తుంపరతో గాలిలోకి లేస్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో జరిగాయి. బటన్లు ఉన్న రాయితో ఏ పని చేసినా గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, చేతి మీద పుండు ఉంటే ముట్టుకోకండి, కోత నీటిలోపలే జరగాలి. అమ్మగారిని ఆ పూట ఆ గదిలో ఉండనివ్వకండి.

ఇక తమ్ముడు.

మీ ఉత్తరంలో అతని మీద కోపం కంటే భయం ఎక్కువ కనపడింది. ఉన్న ఒక్కదాన్నీ కోస్తే రెండూ పోతాయేమోనన్న భయం. నా అనుభవం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. కోసిన ముక్క గొడుగుకు పిల్ల కాదు, అదే గొడుగు. అదే జీవి రెండు చోట్ల పెరుగుతుంది. ఇప్పుడు మీ నాన్నగారి గొడుగు ప్రాణం మొత్తం ఒక్క ట్యాంకు మీద, ఒక్క పవర్‌హెడ్ మీద, మల్కాజిగిరి కరెంటు మీద ఆధారపడి ఉంది. గాలివానకు ఒక రాత్రంతా కరెంటు పోయి, ఆ రోజు మీరు ఊళ్లో లేకపోతే చాలు. అది మియాపూర్‌లో కూడా ఉంటే, ఇక్కడ ఏమైనా అక్కడి నుంచి అరచేయంత తెచ్చుకోవచ్చు. రీఫ్ ట్యాంకులు, అంటే ఇలా కోరల్స్ పెంచే ట్యాంకులు పెట్టేవాళ్లు తమకు బాగా ఇష్టమైన కోరల్‌ను స్నేహితులకు పంచేది ఇందుకే. మీరు ఇవ్వడం తమ్ముడి కోసం మాత్రమే అనుకోకండి.

కాబట్టి ఇవ్వాలా వద్దా అన్నదాని కంటే, ఎప్పుడు అన్నదే మీ ఇంట్లో అసలు చిక్కు. లెక్క వేసి చూద్దాం. రాగి వదలడానికి జూన్ పోతుంది. అంతా బాగుంటే జులైలో కోత. పట్టుకోవడానికి రెండు వారాలు, ప్రయాణానికి తగ్గ బలం రావడానికి ఇంకో నెల. అప్పటికి శ్రావణం వచ్చేసి ఉంటుంది, బహుశా వెళ్లిపోయి ఉంటుంది. అతని ట్యాంకు సంగతీ ఉంది. ఉప్పునీళ్లు నింపాక అందులో బాక్టీరియా స్థిరపడి, అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా కొత్త ఫ్లాట్ అంటే పెయింటు వాసన, గృహప్రవేశమంటే హోమం పొగ. స్కిమ్మర్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. పాలు పొంగించే రోజున అక్కడ ఉండటం కోరల్‌కు మంచిది కాదు.

ముహూర్తం కోసం ఇప్పుడే కోస్తే, నీరసంగా ఉన్న తల్లిని, పట్టు దొరకని ముక్కను రెండింటినీ పణంగా పెట్టినట్టు. అమ్మ మాట ప్రకారం అసలు ముట్టుకోకుండా ఉండొచ్చు. లెదర్ కోరల్స్ కొన్నిసార్లు కాండం అడుగున వాటంతట అవే చిన్న మొలకలు వేస్తాయి. అది ఈ ఏడాది కావచ్చు, అయిదేళ్ల తర్వాత కావచ్చు, అంతకాలం ఈ మాట మీ ముగ్గురి మధ్యా అలాగే ఉంటుంది. మూడో దారి, జులైలోనే కోసి, రెండు ముక్కలను నాన్నగారి ట్యాంకులోనే పెంచడం. ఒకటి తమ్ముడిదని ముందే చెప్పి, దసరా తర్వాతో కార్తీకంలోనో అతని ట్యాంకు కుదురుకున్నాక ఇవ్వడం. నాకు ఇది నచ్చుతుంది, కానీ దీనికి అతను ముహూర్తం మీది ఆశ వదులుకోవాలి, అది చిన్న విషయం కాదు.

దాన్ని కొంచెం తేలిక చేసే పని ఒకటుంది. మీ ట్యాంకులో మష్రూమ్ కోరల్స్ ఇరవై దాకా ఉన్నాయన్నారు. అవీ నాన్నగారు పెంచినవే. గొడుగు కంటే ముందు వాటి మీద చెయ్యి తిప్పుకోండి. ఒక మష్రూమ్‌ను నోటి మీదుగా సగానికి కోసి నెట్ డబ్బాలో పెడితే, రెండు సగాలూ సాధారణంగా రెండు వారాల్లో రాతిని పట్టుకుంటాయి. ఇందులో పొరపాటు జరిగినా గుండె పగిలే నష్టం లేదు. తమ్ముడి ట్యాంకు కుదురుకున్నాక మొదట వెళ్లేవి కూడా ఇవే కావచ్చు. గట్టి ప్రాణం వీటిది.

గొడుగు వద్దంటే ఎవరి దగ్గరో ఒక గట్టి కోరల్ కొనుక్కుంటానని అతను అన్న మాట కోపంలో అన్నదే అయి ఉండాలి. అయినా చెప్పాలి. సముద్రంలో రీఫ్, అంటే పగడపు దిబ్బ కట్టే గట్టి కోరల్స్ అన్నిటినీ, వాటితోపాటు సీ ఫ్యాన్లు, నల్ల పగడం, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్‌ను 2001లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. కొన్నా, ఊరికే ఇస్తే తీసుకున్నా చిక్కే. కోరల్ దొరకడం ఇంత కష్టమైనప్పుడు, మీ ఇంట్లో పెరిగినదాన్ని పంచుకోవడం కంటే మంచి దారి ఏముంటుంది?

తమ్ముడికి ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టకండి, ఇది మెసేజ్‌లో సరిగా వినపడదు. రొయ్యలు పోవడానికి అతని బ్లేడు ఒక్కటే కారణం కాకపోవచ్చని ముందు చెప్పండి. రెండు వారాలుగా ఆ బరువు అతని మీదా ఉండి ఉంటుంది. రాగి టెస్ట్ కిట్ అతన్నే తెమ్మనండి. పరీక్ష ఇద్దరూ కలిసి చేయండి. కారుతున్న ఆర్ఓ యూనిట్ కూడా అతనే బాగుచేయిస్తాడు, అడిగి చూడండి. కోసే రోజున బ్లేడు ఎవరు పట్టుకోవాలో మీరిద్దరూ తేల్చుకోండి, కానీ గుచ్చడానికి, బ్యాండు వేయడానికి నాలుగు చేతులు అవసరం.

ముక్కను తీసుకెళ్లే రోజున దాన్ని పట్టుకున్న చిన్న రాతితో సహా, విడిగా, సంచిలో ట్యాంకు నీళ్లు బాగా పోసి, థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. మల్కాజిగిరి నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్ ఎంత ఉన్నా ఆ ప్రయాణాన్ని అది తట్టుకుంటుంది. అక్కడ అరగంటకు పైగా చుక్క చుక్కగా కొత్త నీళ్లు అలవాటు చేసి, కోరల్‌ను మాత్రమే ట్యాంకులోకి మార్చాలి. సంచిలో నీళ్లు జిగురుతో నిండి ఉంటాయి, అవి ట్యాంకులో పడకూడదు.

ఇదంతా చేసే ముందు ముక్క నిజంగా పట్టుకుందో లేదో తెలియాలి కదా. సూది లేని పెద్ద సిరంజితో ట్యాంకు నీళ్లు తీసుకుని, ముక్క అడుగు వైపు మెల్లగా చిమ్మండి. అంచు లేస్తే ఇంకో వారం ఆగండి. రాయి కదిలి, కోరల్ దాని మీద నుంచి కదలకపోతే, పుల్ల మెల్లగా లాగి బ్యాండు కత్తిరించేయవచ్చు. ఆ పని అమ్మగారి చేత చేయించండి.